గులాబీ చీటీల గాయకుడు

ఒక మనిషి ఇరవై ఏళ్ళ పాటను నేను ఒక మధ్యాహ్నం టీ తాగుతూ చెరిపేశాను. చెరిపేశానని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆయనే వచ్చి ఎదురుగా నిలబడితే, మొదట ఆయనదే పొరపాటు అనుకున్నాను.

ఇప్పుడు మెల్‌బోర్న్ శివార్లలో, క్రాన్‌బర్న్‌లో ఉంటున్నాను. రిటైరయ్యాను. పెరట్లో నాలుగు గోంగూర మొక్కలు, నొప్పెట్టే రెండు మోకాళ్ళు, ఇవీ నా ఆస్తులు. వారాంతాల్లో మా వీధి ఐటీ పిల్లలు వచ్చి కాఫీ తాగిపోతుంటారు. "ఆంటీ, వై టూ కే అంతా హైప్ అంట కదా, లాస్ట్‌కి నథింగ్ హ్యాపెన్డ్ అంట కదా" అంటారు. అవును నాయనా, ఏమీ జరగలేదు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులు తికమకపడి ఆగిపోకుండా, ఆ ఏమీ జరగకపోవడం కోసమే మేమంతా రెండేళ్ళు నడుములు విరగ్గొట్టుకున్నాం. అయితే నా విషయంలో ఒకటి జరిగింది. మీకు పనికొస్తుందని రాస్తున్నాను, పనికిరాకపోతే కాఫీ తాగి పొండి.

నాది తెనాలి దగ్గర ఊరు. హైదరాబాదులో కోబోల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ముప్పై ఆరేళ్ళ వయసులో స్పాన్సర్ వీసా మీద మెల్‌బోర్న్‌లో దిగాను. దిగాక నాలుగు నెలలు బెంచి మీద ఉన్నాను. బెంచి అంటే మీకు తెలుసు, ప్రాజెక్టు లేకుండా కూర్చోవడం. అప్పట్లో ఆ కూర్చోవడానికి కూడా రోజూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని తయారుగా ఉండాలి, ఏ క్షణాన ఎవరు ఇంటర్వ్యూకి పిలుస్తారో తెలియదు. నాలుగు నెలలకు నన్ను పిలిచింది బ్యాంకూ కాదు, టెలిఫోన్ కంపెనీ కూడా కాదు. ఒక ఒపెరా కంపెనీ.

ఒపెరా అంటే వాళ్ళ సంగీత నాటకం. మాట తక్కువ, అంతా పాటే. ఆ కంపెనీ పెట్టిన నాటి నుంచి ఏ రోజు ఏ ఒపెరా ఆడారు, ఏ పాత్ర ఎవరు పాడారు అన్నది కార్డుల మీద రాసి పెట్టుకున్నారు. అరలూ అరలూ కార్డులు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేసి, కొత్త శతాబ్దానికి శుభ్రంగా అప్పగించాలి. దానికి తోడు ఇంకో పని. ఆ వేదిక మీద ముఖ్యపాత్ర పాడిన ప్రతి గాయకుడి పేరూ ఒక పెద్ద చెక్క ఫలకం మీద రాయించి, థియేటరు ముందు హాల్లో పెట్టాలని సంకల్పం. ఆ పేర్ల జాబితా నా ప్రోగ్రాములోంచే రావాలి.

మా టీము చిన్నది. నేనూ, టెస్టింగు చూసే ఒక హైదరాబాదీ కుర్రాడూ. అతను పాతబస్తీ నుంచి వచ్చినవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను భాయ్ అనేదాన్ని. మా పైన ఒక ఆస్ట్రేలియా మేనేజరు, మాట తక్కువ మనిషి. కార్డులు ముప్పై ఏళ్ళుగా కాపాడుతున్న ఒక లైబ్రేరియన్ ఆవిడ కూడా ఉండేది, మెడలో గొలుసుకు కళ్ళజోడు వేలాడదీసుకుని.

నాకు శుభ్రం పిచ్చి. మా అత్తగారే నా వంటగదిలో అడుగు పెట్టడానికి జంకేది. కార్డులు టైపు చేయించి ఫైలు చూస్తే, ఒకే తేదీ, ఒకే ఒపెరా, ఒకే పాత్రకు రెండేసి రికార్డులు కనపడ్డాయి. మూడు వందల పైచిలుకు. టైపు చేసిన అమ్మాయిలు ఒకే కార్డు రెండుసార్లు కొట్టారనుకున్నాను. అప్పటికే వాళ్ళ పనిమీద నాకు గురి లేదు. ఒక రోజున ఒక పాత్రకు ఒకరే ఉంటారు కదా. మొదటిది ఉంచు, రెండోది తీసెయ్ అని పది లైన్లు రాసి, రన్ కొట్టి, టీ తెచ్చుకున్నాను. టీ అయ్యేసరికి అదీ అయిపోయింది.

భాయ్ లెక్క తేడా చూసి నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మూడొందలు డూప్లికేట్లు అంటున్నరు. ఒక్కటన్నా తెరిచి చూసిన్రా?"

డూప్లికేట్‌ను తెరిచి చూసేదేముంది, చూసిన మొహమే కదా అన్నాను. అతను నవ్వి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. వయసులో చిన్నవాడు, నన్ను ఎంతని అడుగుతాడు?

కొత్త సర్వరుకు గది కావాలి. కార్డులున్న గది ఖాళీ చేయాలి. డేటా అంతా వచ్చేసిందని, కార్డులు నాశనం చేయవచ్చని ఒక కాగితం మీద నేను సంతకం పెట్టాలి. లైబ్రేరియన్ ఆవిడ ఆ రోజు నా బల్ల దగ్గరే నిలబడి, ఖచ్చితంగానేనా అని రెండుసార్లు అడిగింది. నూటికి నూరుపాళ్ళు అన్నాను. ఆ మాట అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్క లేదు. కార్డులు లారీలో వెళ్ళిపోయాయి. బ్యాకప్ లేదా అని అడగబోతున్నారు కదూ? ఉండేది. కాపీ ఉన్న టేపు మీదే తర్వాతి నెల వేరేది రాసేశాం, అప్పటి పద్ధతి అంతే.

నవంబరులో ఫలకం జాబితా ముసాయిదా ప్రింటు తీసి, పాత గాయకులను పిలిచి చూపించారు. ఒక ఉదయం ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు, పొడుగు మనిషి, టోపీ చేతిలో పట్టుకున్నాడు, బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. జాబితా మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివి, ఇందులో నా పేరు ఉన్నట్టు లేదే అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచకపోయినా గది అవతలి మూలకు వినిపించింది.

నేను ఆయన పేరు కొట్టి వెతికాను. లేదు. ఇంటిపేరు కొట్టాను, అదీ లేదు. మానిటరు ఆయన వైపు తిప్పి, సిస్టంలో మీ రికార్డు లేదండీ, మీరు ఈ కంపెనీలో ముఖ్యపాత్ర పాడినట్టు లేదు అన్నాను. పాడినవాడితో పాడలేదని చెప్పాను! ఎంత ధీమాగా చెప్పానంటే, ఆయన ఒక్క క్షణం తననే అనుమానించుకున్నట్టు చూశాడు. తర్వాత టోపీ పెట్టుకుని, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయాడు.

పాపం, పెద్దతనం, ఏదో మరిచిపోయి ఉంటాడని నేను భాయ్‌తో అన్నాను. అప్పుడే లోపలికి వచ్చిన లైబ్రేరియన్ ఆవిడ ఆ మాట విని, ఎవరి గురించని అడిగింది. చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన ఇరవై ఏళ్ళు ఇక్కడ కవర్‌గా ఉన్నాడు అంది.

కవర్ అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పెద్ద గాయకుడికి జలుబు చేసినా, గొంతు పోయినా, బదులు పాడడానికి అదే పాత్ర మొత్తం నేర్చుకుని సిద్ధంగా ఉండే గాయకుడు. అలా ఎవరైనా బదులు పాడితే, అసలు గాయకుడి కార్డు అలాగే ఉంచి, దాని వెనక గులాబీ రంగు చీటీ ఒకటి గుచ్చేవారట. టైపు అమ్మాయిలు పాపం కార్డూ కొట్టారు, చీటీ కూడా కొట్టారు. కార్డు ముందు, చీటీ వెనక. రెండోది తీసెయ్యమన్నది నేను.

మా మేనమామ పద్యనాటకాల్లో రెండో కృష్ణుడు. మీలో చాలామందికి తెలియదు, తెల్లవార్లూ ఆడే నాటకంలో ఒకే కృష్ణుడు అంతసేపు పద్యాలు పాడలేడు. రాయబారం దాకా ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. కరపత్రంలో ఇద్దరి పేర్లూ వేసేవారు. చిన్నప్పుడు మా మామ పేరు చూడాలని కరపత్రంలో రెండో పేరు కోసమే వెతికేదాన్ని. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఒక పాత్రకు ఒకరే అని రూలు రాశాను. 

ఆ శనివారం భాయ్‌ని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. రైలు స్టేషనుకు పది నిమిషాల నడక, చెక్క ఇల్లు, ముందు గదిలో పియానో. భార్య పియానో టీచరట, పోయి ఆరేళ్ళయింది. నేను తప్పు ఒప్పుకున్నాను, ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన టీ పోస్తూ విన్నాడు, ఒక్క మాట విసురుగా అనలేదు. అనుంటే బాగుండేది.

తన కథ చెప్పమంటే బిడియపడుతూ చెప్పాడు. ఇంగ్లండు ఉత్తరాన ఒక నూలు మిల్లు ఊరు. తండ్రి మగ్గాల దగ్గర పని. ఆ మోతలో పనిచేసి చెవులు పోయాయి, కొడుకు పాట ఆయన ఎన్నడూ సరిగ్గా వినలేదు. చర్చిలో పాడుతుంటే ఒక మాస్టారు విని సంగీతం చెప్పాడు. యుద్ధం, తర్వాత కొన్నాళ్ళు చిన్న చిన్న కంపెనీలు, ఊరూరా తిరుగుడు. ఆ తర్వాత ఒక బృందంతో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. బృందం వెనక్కి పోయింది, పియానో టీచరమ్మ కోసం ఈయన ఉండిపోయాడు.

ఆయనది బారిటోన్ గొంతు. మగ గొంతుల్లో అది మధ్య రకం. ప్రేమించే పాత్రలన్నీ పై గొంతుల వాళ్ళకు పోతాయట, మధ్య గొంతుకు దక్కేది తండ్రులూ, దుర్మార్గులూ, హీరో స్నేహితులూ. అందులోనూ ఈయన కవర్. ఆట ఉన్న ప్రతి సాయంత్రం మొహానికి రంగు వేసుకుని, నడుము దాకా వేషం కట్టి, తెర వెనక నడవాలో టీ ఫ్లాస్కుతో కూర్చునేవాడు. చివరి అంకం మొదలయ్యాక స్టేజి మేనేజరు వచ్చి, ఇక నువ్వు ఇంటికి వెళ్ళొచ్చు అనేవాడు. రంగు కడుక్కుని ట్రామెక్కేవాడు. ఇరవై ఏళ్ళలో పాడే అవకాశం వచ్చింది ముప్పై, ముప్పై అయిదు సార్లు. నేను నాలుగు నెలలు బెంచి మీద కూర్చుని ఇంట్లోవాళ్ళను ఫోన్లో ఎంత సతాయించానో గుర్తొచ్చింది.

ఫలకం మీద పేరు కోసం ఇంత దూరం ఎందుకు వచ్చారని భాయ్ అడిగాడు. నేను అడగలేనిది అతను అడిగాడు. ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఫలకం లేకుండా ఇన్నేళ్ళు బతికాను. స్టేజి మానేశాక బడిపిల్లలకు పాట నేర్పాను. ఆ వేదిక మీద నేను పాడానని వాళ్ళకు చెప్పాను. వాళ్ళలో ఒకమ్మాయి ఇప్పుడు అక్కడే కోరస్ బృందంలో పాడుతోంది. మీ జాబితా చూసి ఫోన్ చేసింది. సర్, మీ పేరు ఎక్కడుందో కనపడలేదు అంది." కప్పును సాసరు మధ్యకు జరిపాడు. "నేను అబద్ధం చెప్పానని ఆ పిల్ల అనుకోకూడదు. అంతే, మై డియర్."

జాబితా మూడు వారాల్లో ఖరారు కావాలి. ఆ తర్వాత పేర్లు చెక్కేవాడికి వెళ్ళిపోతుంది. చీటీలు లేవు, కార్డులు లేవు, ఆయన మాట తప్ప ఆధారం లేదు. సోమవారం లైబ్రేరియన్ ఆవిడను అడిగితే, ఆవిడ, స్టేజి మేనేజరు ప్రతి ఆట తర్వాతా ఒక రిపోర్టు రాస్తాడు, ఆ పుస్తకాలు ఊరి బయట గోడౌనులో ఉండాలి, ఇంతవరకూ ఎవరూ చదివిన పాపాన పోలేదు అంది.

కానీ ఆ పుస్తకాలు తీయించాలన్నా, ముగించామన్న డేటాను మళ్ళీ తెరవాలన్నా మేనేజరు ఒప్పుకోవాలి. అంటే తప్పు నాదని చెప్పాలి. ఈ కాంట్రాక్టు పోతే వీసా కూడా పోతుందేమోనని భయం. మా ఆయన, పిల్లాడు అప్పటికి వచ్చి రెండు నెలలు, వాడిని బడిలో వేసి ఆరు వారాలు. రెండు రోజులు నాన్చాను. భాయ్‌ని అడిగాను, ఏం చేద్దామని.

"చెప్పకుంటే ఎవ్వరికీ తెల్వదు అక్కా," అన్నాడు. "మీకు తెలుస్తది. గంతే."

అలా అనేసి పోయాడు. వాడి మీద కోపం వచ్చింది, వాడన్నది నిజం కాబట్టి.

బుధవారం ఉదయం మేనేజరు గదికి వెళ్ళి నిలబడి చెప్పాను. డూప్లికేట్లు కావవి, మనుషులు అన్నాను. ఒక్కరు కాదు, కవర్లుగా పాడినవాళ్ళందరూ పోయారు, సంతకం నాది. ఆయన క్యాలెండరు ముందుకు లాక్కున్నాడు. ఎన్ని రోజులు కావాలి అన్నాడు. మూడు శనివారాలు అన్నాను. సరే అన్నాడు, కానీ దీన్ని ప్రాజెక్టు ఫైల్లో మార్పు అని రాయను, పొరపాటు అనే రాస్తాను, నీ పేరుతో. రాయండి అన్నాను. రాశాడు కూడా. మార్చిలో కాంట్రాక్టు పొడిగించలేదు, నేను మళ్ళీ రెండు నెలలు బెంచి ఎక్కాను. ఆయన తప్పేమీ లేదు.

గోడౌనులో రేకుల కప్పు, డిసెంబరు ఎండ. నేను పులిహోర కట్టుకెళ్ళేదాన్ని, భాయ్ వాళ్ళావిడ కబాబులు పంపేది, లైబ్రేరియన్ ఆవిడ దోసకాయ శాండ్‌విచ్చులు తెచ్చి మా కారాన్ని చూసి భయపడేది. ముగ్గురం అట్టపెట్టెల మీద కూర్చుని రిపోర్టులు చదివాం. తెర లేచిన సమయం, పడిన సమయం, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఏ తాడు తెగింది. పొడి మాటలు. వాటి మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉండేది, ఫలానావారి బదులు ఫలానావారు అని. పేరు దొరికినప్పుడల్లా భాయ్ గట్టిగా చదివేవాడు, నేను రాసుకునేదాన్ని. మొదటి శనివారానికి డెబ్బై మంది తిరిగొచ్చారు. ఆయనవి రెండో శనివారానికి ఇరవై ఏడు రాత్రులు తేలాయి. చిన్న పాత్రలు, స్నేహితులు, రాజు దూతలు. ముఖ్యపాత్ర మాత్రం లేదు. ఫలకానికి కావలసింది అదే.

ఆయన చెప్పినదాని ప్రకారం అది ఒక్కసారే. పెద్ద గాయకుడు రెండు అంకాలు పాడాక గొంతు పట్టేసింది. మూడో అంకం నుంచి ఈయన. నాటకానికి పేరు తెచ్చే తండ్రి పాత్ర. ఏ ఏడాదో తెలుసు, ఏ నెలో సరిగ్గా గుర్తులేదు. మూడో శనివారం ఆ ఏడాది పుస్తకం చిట్టచివరి పెట్టెలో దొరికింది, అట్ట చెమ్మకు ఉబ్బిపోయి. పేజీలు ఒక్కొక్కటే విడదీస్తూ వెళ్ళాం. మధ్యాహ్నం మూడింటికి లైబ్రేరియన్ ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పుస్తకం నా వైపు జరిపింది.

రెండో అంకం చివర అసలు గాయకుడికి గొంతు పోయింది. మూడో అంకం నుంచి కవర్. ప్రేక్షకులకు ప్రకటించాం. మొదటి పాట తర్వాత కొందరు లేచి వెళ్ళిపోయారు. తెర పడింది పది నలభైకి. అంతే ఉంది.

ఆ రోజు గురించి ఆయన మాకు చెప్పినప్పుడు, వెళ్ళిపోయినవాళ్ళ మాట ఎత్తలేదు. భాయ్ నా మొహం చూశాడు. రిమార్కుల గడిలో ఇది ఎక్కించాలా అక్కా అన్నాడు. వద్దన్నాను. పెద్దాయన, ముప్పై అయిదేళ్ళ కిందటి మాట, దానితో ఎవరికేం పని? పేర్లు ఇద్దరివీ పెట్టాను, ఎవరు ఏ అంకం పాడారో చూపించే కొత్త గడి చేర్చాను, రిమార్కులు ఖాళీగా వదిలాను. జాబితా సోమవారం వెళ్ళింది. ఆయన పేరు, ఆయనలా బదులుగా ముఖ్యపాత్ర పాడిన మరో నలభై మంది పేర్లు ఫలకం మీదికెక్కాయి.

కొత్త సంవత్సరం వచ్చింది, ప్రపంచం అలాగే ఉంది. ఫలకం ఆవిష్కరణకు ఆయన రాలేకపోయాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆసుపత్రిలో ఉన్నాడు. జనవరి చివరి ఆదివారం ఉదయం ఫలకం ఫొటో, ఆయన రికార్డు ప్రింటు పట్టుకుని వెళ్ళాను. మంచం పక్కన ఒకమ్మాయి కూర్చుని ఉంది, ఆ కోరస్ అమ్మాయే. ఆ పిల్ల అప్పటికే ఫలకం చూసి వచ్చి ఆయనకు చెప్పేసింది. ఆయన నా చెయ్యి పట్టుకుని థాంక్యూ అన్నాడు. 

ప్రింటు ఆ అమ్మాయి చేత చదివించుకున్నాడు. తేదీ, ఒపెరా, పాత్ర. మొదటి రెండు అంకాలు ఆ గాయకుడు, మూడో అంకం నుంచి తను. తల ఊపాడు. ఇద్దరి పేర్లూ ఉండడం బాగుంది, ఆ రెండు అంకాలు అతను అద్భుతంగా పాడాడు అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, రిపోర్టులో ఇంకేమైనా రాశారా అని.

లేదన్నాను.

ఆయన ప్రింటు అందుకుని, ఖాళీగా ఉన్న రిమార్కుల గడి మీద వేలు పెట్టాడు. కళ్ళలో కోపం లేదు.

"కొందరు వెళ్ళిపోయారు. రాసి ఉంటాడు, ఆ స్టేజి మేనేజరు అన్నీ రాసేవాడు."

రాశాడు, నేనే ఎక్కించలేదు అన్నాను. మీకు బాధ కలుగుతుందని.

"వాళ్ళు ఎప్పుడు వెళ్ళారని రాశాడు?"

మొదటి పాట తర్వాత అని చెప్పాను.

"చూశావా," అన్నాడు ఆయన, ఆ అమ్మాయి వైపు తిరిగి. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గు తగ్గేదాకా ఆగాం. "ప్రకటన విన్నారు, అప్పుడు కదల్లేదు. నా పాట మొత్తం విని, నచ్చక వెళ్ళారు. అంటే నేను పాడాను, వాళ్ళు విన్నారు. ముప్పై అయిదేళ్ళ తర్వాత ఇంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? అది తీసెయ్యకు, మై డియర్."

సోమవారం ఆఫీసుకు వెళ్ళగానే ఆ రికార్డు తెరిచాను. రిమార్కుల గడిలో ఆ వాక్యం ఉన్నదున్నట్టు టైపు చేసి, అక్షరం అక్షరం సరిచూసి, సేవ్ కొట్టాను.